బండ మీద బోర్లించిన గ్లాసు

నా చిన్నప్పుడు మా ఊరి టీ బంకులో మా తాతకు వేరే గ్లాసు ఉండేది. మిగతా గ్లాసులన్నీ బల్ల మీద ఉంటే, అదొక్కటే బంకు వెనక కడప బండ మీద బోర్లించి ఉండేది. తాత తనే వెళ్లి దాన్ని తెచ్చుకుని, టీ పోయించుకుని తాగి, కడిగి మళ్లీ అక్కడే బోర్లించేవాడు. ఆయన దగ్గును ఊరంతా టీబీ అంది. బడిలో నన్ను కూడా గోడ పక్కకు జరిపి విడిగా కూర్చోబెట్టారు. జరపమన్న అయ్యవారి మొహం, మూతికి పైట అడ్డం పెట్టుకున్న పక్కింటి అక్క చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే. ఇలాంటివి మరిచిపోయే మనిషిని కాను నేను. ఆ రోజుల్లో మాకు జరిగిన ఒక మంచిని కూడా అంతే గట్టిగా గుర్తుపెట్టుకున్నాను.

మాది పులివెందుల దగ్గర పల్లె. వయసులో ఉన్నప్పుడు తాత రాతినార గనిలో పనిచేశాడు. ఇంటిపై కప్పే రేకుల్లో కలిపే తెల్లటి నార ఆ రాళ్లలో దొరికేది. రాయి కొట్టి నార విడదీస్తుంటే లేచే దుమ్ము పనివాళ్ల కనురెప్పల మీద కూడా పేరుకునేదట. తర్వాత గని మూతపడింది. వాళ్లు ఎలా ఉన్నారని అడగడానికి గని వైపునుంచి ఎవరూ రాలేదు.

వచ్చింది జమ్మలమడుగు ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ. పాత గని పనివాళ్లను వ్యానులో తీసుకెళ్లి ఎదకు ఎక్స్‌రే తీయించి, తిరిగి ఇళ్ల దగ్గర దించాలని ఆమె పూనుకుంది. కానీ మా ఊరు అప్పటికి రెండు పార్టీలు. ఎవరి వీధి వాళ్లది, ఎవరి టీ బంకు వాళ్లది. వ్యాను మొదటిసారి వచ్చి, నీడ ఉంది కదా అని అవతలి పార్టీ పెద్ద ఇంటి ముందు ఆగింది. అంతే, అది వాళ్ల వ్యాను అయిపోయింది. మావాళ్లు ఒక్కరూ ఎక్కలేదు. మరోసారి మా వీధిలో ఆగితే వాళ్లు ఎక్కలేదు. ఈలోగా తాత మెట్లెక్కలేని స్థితికి వచ్చాడు. ప్రొద్దుటూరులో ఎవరో చెప్పారని టీబీ సూదులు వేయించుకుంటూనే ఉన్నాడు. దగ్గు తగ్గలేదు.

ఇంకోసారి వచ్చినప్పుడు నర్సమ్మ వ్యానును రెండు వీధులకూ మధ్య బడి ముందు ఆపించింది. మంచినీళ్ల చెంబు ఇచ్చి అవ్వ నన్ను తాతకు తోడు పంపింది. అవతలి పార్టీ నుంచి ఒక ముసలాయన తన మనవరాలితో వచ్చి ముందే ఎక్కి కూర్చున్నాడు. ఆయనా తాతా ఒకప్పుడు గనిలో పక్కపక్కనే రాయి కొట్టినవాళ్లు. తర్వాత వాళ్ల పార్టీ వాళ్లు మా చీనీ చెట్లు నరికారు. కాపుకొచ్చిన బత్తాయి చెట్లు. దాంతో మాటలు పోయాయి.

"వాడు ఎక్కిన వ్యాను నేనెక్కను," అన్నాడు తాత.

"ఎక్కకపోతే పో. కాళ్లు చాపుకుంటా," అన్నాడు లోపలినుంచి ఆ ముసలాయన.

నర్సమ్మ ఎవరికీ నీతులు చెప్పలేదు. నన్ను ఎత్తి ఆ ముసలాయన ఒళ్లో కూర్చోబెట్టింది. ఆయన మనవరాలిని తాత చేతుల్లో పెట్టింది. "దారి బాగలేదు. ఎవురి చేతిలో పాప వాళ్లు భద్రంగా పట్టుకోండి. కొట్టుకోవాలనిపిస్తే ముందు పాపను కిందికి దించాల," అంది. పరాయి పిల్లను కింద పడేయలేడు, తన పిల్లను అవతలివాడి ఒళ్లో వదిలి పోలేడు. తాత గొణుక్కుంటూనే ఎక్కాడు.

నేను ఒళ్లంతా బిగబట్టుకుని కూర్చున్నాను. చీనీ చెట్లు నా కళ్లముందే ఉన్నాయి. ముద్దనూరు దాటాక కుదుపులకు అలసిపోయి నా వీపు ఆయన ఎదకు ఆనింది. లోపల ఎండిన కందిపొట్టును నలిపినట్టు చప్పుడు. తాత పక్కన పడుకున్నప్పుడు రోజూ వినే చప్పుడే.

"నీకూ మా తాత మాదిరే చప్పుడొస్తాంది," అన్నాను.

ఆయన నన్ను ఒళ్లో సర్ది కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత తాత వైపు తిరిగి, "ఏమప్పా, మిట్ట ఎక్కితే నీకూ ఊపిరి ఆగుతాందా?" అన్నాడు.

"మా చీనీ చెట్లు నరికినప్పుడు నీకు బాగానే ఆడినట్టుందే."

"నేను నరకలా. గొడ్డలి ఎత్తే శక్తి యాడుంది నాకు?"

తాత కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి నా దగ్గరి చెంబు తీసుకుని ఆయనకు అందించాడు.

ఆసుపత్రిలో చొక్కాలు విప్పించి ఎక్స్‌రే తీశారు. దగ్గితే పడే కళ్లె కూడా పరీక్ష చేశారు. డాక్టరు సారు ఏదో రాసి, ఇక వెళ్లవచ్చన్నాడు. ఇద్దరూ లేవబోయారు. నర్సమ్మ వాళ్ల భుజాల మీద చేతులు వేసి ఆపింది. "కూచోండి. లోపల ఏం కనపడిందో చెప్పేదాకా లేయొద్దు. అది మీ ఎద," అంది. సారు ఫిల్మును వెలుగుకు పెట్టి చూపించాడు. టీబీ కాదన్నాడు. రాతినార దుమ్ము లోపల చేరింది, దాన్ని తీయలేము, కానీ ఆ సూదులు అక్కర్లేదు, బీడీ మానాలి, దుమ్ము పనులకు పోవద్దు, ఏటా వచ్చి చూపించుకోవాలన్నాడు.

తాత అడిగింది ఒక్కటే. "ఇది ఇంకొకరికి అంటుకోదా సారూ?"

అంటుకోదన్నాడు సారు. తాత నన్ను దగ్గరికి లాక్కున్నాడు. ఆ గదిలో అప్పుడు ఆయన ఏడ్చాడని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం వ్యాను మా బంకు ముందు ఆగింది. నర్సమ్మ దిగి, నేరుగా వెనక్కి నడిచి, బండ మీది గ్లాసు తెచ్చి బంకాయన ముందు పెట్టింది. "దీంట్లో పొయ్యి."

"అది ఆ దగ్గే ఆయనదమ్మా, వేరేగా పెట్టింటాం," అన్నాడు బంకాయన.

"తెలుసు. పొయ్యి."

బంకు దగ్గరున్న అందరూ చూస్తుండగా తాపీగా, చివరి గుక్క దాకా తాగింది. గ్లాసు కడిగి బల్ల మీద మిగతావాటి మధ్య పెట్టి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బండ ఖాళీ. బంకాయన మీద నా కోపం మాత్రం పోలేదు, పోదు కూడా.

మా తాత ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు. ఆ ఏళ్లన్నీ నలుగురి మధ్య కూర్చుని టీ తాగుతూ బతికాడు. అవి ఆ నర్సమ్మ ఇచ్చిన ఏళ్లే అనుకుంటాను. ఇప్పుడు నేను ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ ఆఫీసుకు వెళ్లినా, కనపడిందేమిటో చెప్పేదాకా కుర్చీలోంచి లేవను. మొండిది అంటారు, అననీ. మిగిలిన పాత గని పనివాళ్లకు ఏటా ఎక్స్‌రే తీయించమని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, "వీళ్లు ఏ పార్టీ వాళ్లమ్మా?" అని ఇప్పటికీ అడుగుతారు. వాళ్ల ఎదకు ఒకసారి నీ వీపు ఆనించి చూడు నాయనా, నీకే తెలుస్తుంది అంటాను.