డాబా మీద కట్టిన పాట

మొన్న మూడు రోజులు మా డాబా మీద ఒక్క పావురం వాలలేదు. ఆ ఘనత నాదే. ఎలా సాధించానో చెప్తాను, టీ చల్లారేలోపు అయిపోతుంది. నవ్వుకోండి, పర్లేదు.

మాది తూంకుంటలో కొత్త కాలనీ. కొత్తదని పేరేగానీ మా స్లాబుకి అప్పుడే కారడం వచ్చేసింది. పోయిన వానల్లో స్టోర్ రూములో అటక మీదకి ధారగా కారింది. అందుకని ఈ ఎండాకాలం మేస్త్రీని పిలిచి పైన సిమెంటు పూత వేయించాం. ఆయన పని ముగించి, డాబా అంతా మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి, వరిమడుల్లాగా నీళ్ళు నింపాడు.

"వారం దాకా నీళ్ళు ఎండనియ్యకు అమ్మా. ఎండినయంటే మళ్ల పగుళ్లే. అప్పుడు నన్ను తిడ్తరు."

ఎండాకాలంలో డాబా నిండా నీళ్ళు! చుట్టుపక్కల పావురాలన్నిటికీ కబురు వెళ్ళిపోయింది. వచ్చి స్నానాలు. స్నానం అయ్యాక గట్ల మీద షికార్లు. గోళ్ళతో మట్టి గీకేసేవి. నీళ్ళన్నీ గొట్టంలోంచి వీధిలోకి. నేను చీపురు పట్టుకుని తరిమితే ఎదురింటి పిట్టగోడ మీద వరసగా కూర్చుని, నేను మెట్లు దిగేదాకా ఓపిగ్గా చూసేవి.

పక్కింటి సుగుణ ఇదంతా చూసింది. వాళ్ళకి దేవరయాంజాల్ దగ్గర ద్రాక్షతోట ఉంది.

"ఏందక్కా, గా పావురాలెంబడి గట్ల ఉరుకుతున్నవ్? పాత క్యాసెట్లు లేవా? రీలు గుంజి అడ్డంగ గట్టు. మా తోటల గట్లనే కడ్తం. ఎండకు మెరుస్తది, గాలికి గుయ్యిమంటది. ఒక్క పిట్ట దగ్గరికి రాదు."

పాత క్యాసెట్లా! మా ఇంట్లో కావాల్సినన్ని. అటక మీదకి నీళ్ళు కారినప్పుడు క్యాసెట్ల పెట్టె దింపి మంచం కిందకి తోశాను. టేప్ రికార్డర్ ఏనాడో మూలపడింది. మా అమ్మాయి స్వాతి, ఇంటర్ చదువుతోంది, నాన్న చేత సీడీ ప్లేయర్ కొనిపించుకుంది. నేను పెట్టె బయటికి లాగితే పుస్తకంలోంచి తలెత్తకుండానే అంది:

"ఇంకా అవెందుకమ్మా? మ్యూజియం పెడతావా?"

చాలు. నాకు అనుమతి దొరికింది.

అయినా నేను గుడ్డిగా ఏం చేయలేదండీ. భక్తి పాటలు పక్కన పెట్టాను. మా పెళ్ళి సన్నాయి పక్కన పెట్టాను. స్వాతి చిన్నప్పటి ముద్దుమాటలు కూడా. చూశారా, ఎంత జాగ్రత్తో! మిగిలిన సినిమా పాటల్లోంచి మూడు తీశాను. అందులో ఒకటి అన్నీ డిస్కో పాటలు. మొదటినుంచీ నాకు నచ్చదు. దాని పై అంచున ఉండే రెండు చిల్లుల్లో కాగితం కుక్కి, మీద సెల్లోటేపు అంటించి ఉంది. చూశాను. చూసి కూడా నాకు తోచలేదు.

తోచాల్సిన విషయమే. షాపులో కొన్న పాటల మీద మళ్ళీ ఏదీ రికార్డు కాకుండా ఆ చిల్లులు వదులుతారు. మేం ఖాళీ క్యాసెట్ ఎప్పుడు కొన్నాం గనక! పాటలు మొహం మొత్తాక చిల్లులు పూడ్చేసి, దానిమీదే మాకు కావాల్సింది రికార్డు చేసుకునేవాళ్ళం. లేబుల్ మీద మాత్రం పాత పాటల పేర్లే. అందరిళ్ళల్లో ఇంతే కదా?

పచ్చడి బండతో మూడింటినీ పగలగొట్టాను. యాంటెన్నా కడ్డీ నుంచి బట్టలారేసే స్తంభానికి, అక్కణ్ణుంచి నీళ్ళ ట్యాంకుకి, మళ్ళీ కడ్డీకి. తెగిన చోటల్లా ముడి. గాలి వీచింది. గుయ్య్... మంది. పావురాలు ఎగిరిపోయాయి! సుగుణని కేకేసి చూపించాను.

"మస్తు కట్టినవక్కా!" అంది.

ఆ మోత కింద వంటింట్లోకి కూడా వినపడేది. బాగుంది, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను, తోడుగా ఉంది అనుకున్నాను.

మూడో రోజు సాయంత్రం మా ఆయన మేడ్చల్ నుంచి పెద్ద సంచితో వచ్చారు. లోపల టేప్ రికార్డర్! బెల్టు మార్పించారట. నాకు మాట మాత్రం చెప్పలేదు. అత్తయ్య పోయినప్పటినుంచి ఆయన దాని జోలికే పోలేదు. ఇప్పుడు మొహం వెలిగిపోతోంది.

"ఎల్లుండి అమ్మ సంవత్సరీకం కదా. రేపు చెల్లి వచ్చేస్తుంది. దానికి అమ్మ పాటలు వినిపిద్దామని."

అత్తయ్య పాటలు. బియ్యంలో రాళ్ళేరుతూ పాడుకునేవారు. పెళ్ళికూతుర్ని చేసేటప్పటివి, బిడ్డని తొట్లో వేసేటప్పటివి. వాళ్ళమ్మ దగ్గర వినీ వినీ నేర్చినవి. ఎక్కడా రాసి లేవు. మా ఆడపడుచు పద్మకి ఒక్కో పాటలో ఒక ముక్క వచ్చు, మా ఆయనకి అదీ రాదు. ఒక మధ్యాహ్నం ఈయన అత్తయ్య వెనకాల టేప్ రికార్డర్ పెట్టి, ఆవిడకి తెలియకుండా రికార్డు చేశారు. ఆ సంగతి నాకు తెలుసు. ఏ క్యాసెట్ మీద చేశారో తెలియదు.

ఆయన పెట్టె ముందు కింద కూర్చున్నారు. ఒక్కొక్కటీ తీసి చూస్తున్నారు.

"ఆ డిస్కో పాటలది ఏదీ? పైన సెల్లోటేపు అంటించి ఉండాలి."

నా చేతిలో టీ గ్లాసు. సరిగ్గా అప్పుడే పైన గాలి లేచింది. గుయ్య్...

నేను పైకి చూశాను. ఆయనా పైకి చూశారు.

"ఏంటా చప్పుడు?"

"అత్తయ్య," అన్నాను.

అరిచినా బాగుండేది. అరవలేదు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కారు. నేనూ, స్వాతీ వెనకాలే. డాబా మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశారు. ఎటు చూసినా ఒకే రంగు రీలు, ఎండకి మెలికలు తిరిగి.

"ఇందులో అమ్మ ఏది?"

నేను దగ్గర్లో ఉన్న ముడి పట్టుకున్నాను.

సుగుణ గోడ అవతల నుంచి తల పెట్టింది. స్వాతి సంగతి చెప్పింది. సుగుణ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో అక్కా! పాతయి గట్టుమన్న గని, పెద్దమ్మను గట్టుమన్ననా!"

నాకు నవ్వొచ్చింది. నిజంగా. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. మా ఆయన ఇటు చూశారు. మింగేశాను.

విప్పబోతే నా ముడులు ఊడవు. కత్తెరతో కోయాల్సి వచ్చింది. కొంత రీలు నీళ్ళల్లో నానింది, కొంత సాగింది, కొంత ముట్టుకుంటే తెగింది. స్వాతి తన క్యాసెట్ ఒకటి మరలు విప్పి, అందులోని పాటలు తీసేసి, ఖాళీ డబ్బా నా ముందు పెట్టింది. మ్యూజియం మాట మళ్ళీ ఎత్తలేదు. ముగ్గురం కూర్చుని ముక్కలు అంటించాం. పెన్సిల్ పెట్టి చుట్టాం.

మర్నాడు పద్మ బస్సు దిగి వచ్చింది. నేనే చెప్పాను. "పర్లేదులే వదినా," అంది. నా మొహంలోకి చూడలేదు.

మా ఆయన క్యాసెట్ పెట్టి బటన్ నొక్కారు. బురబుర. ఎవరో నీళ్ళలో మునిగి పాడుతున్నట్టు. తర్వాత డిస్కో పాట, అదీ వెనకనుంచి ముందుకి. మళ్ళీ బురబుర. అది అత్తయ్యో, పాటో, నీళ్ళో తెలియదు. పద్మ పెదవులు బిగపట్టి వింటోంది. ఆఖరి ముక్క వచ్చేసింది. ఉన్నట్టుండి గంట కొట్టినట్టు తేటగా ఒక కుక్కర్ కూత!

గిన్నె ఎక్కడో ఠంగుమంది. ఆ వెంటనే ఒక గొంతు, గట్టిగా:

"అత్తయ్యా, కాసేపు ఆ పాట ఆపండి! ఎన్ని కూతలొచ్చాయో లెక్క తప్పిపోతున్నాను!"

నేనే.

తర్వాత అత్తయ్య. నిదానంగా.

"సరేలేమ్మా."

చేటలో బియ్యం గలగల. అంతే. రీలు అయిపోయింది.

అన్ని పాటల్లోనూ చెక్కు చెదరకుండా మిగిలింది, పాట ఆపమన్న నా కేక. పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో అడిగే ధైర్యం లేదు. "అమ్మే. అచ్చం అలాగే అనేది," అంది చివరికి.

మా ఆయన వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు.

నేను మళ్ళీ ఆపమన్నాను. ఆవిడ మళ్ళీ ఆపేశారు.