ఫిర్యాదులమ్మ, మా పంపుల ఫ్యాక్టరీ

నేను ఆ పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు స్టోరు చూశాను. ఎందరో ఇంజనీర్లు వచ్చారు, పోయారు. సగం మంది మొహాలు కూడా గుర్తులేవు. ఈవిడ మాత్రం ఏ రోజు ఏ మిషన్ దగ్గర నిలబడిందో ఇప్పటికీ చెప్పగలను.

ఆమె మా దగ్గరికి ఉద్యోగం వెతుక్కుంటూ రాలేదు. నీటి సరఫరా విభాగంలో ఇంజనీరుగా ఉండేది. మా పంపులతో విసిగిపోయి ఉత్తరం మీద ఉత్తరం రాసేది. వాటిలో తిట్లు ఉండేవి కావు. పంపు నంబరు, బిగించిన తేదీ, ఆగిపోయిన తేదీ, విప్పితే లోపల కనిపించినదాని బొమ్మ, అంతే. పదిహేడో ఉత్తరం వచ్చేసరికి ఆమెకు ఫిర్యాదులమ్మ అని పేరు పెట్టేశాం. మా యజమానిని పెద్దాయన అనేవాళ్లం. ఆయనకు ఒళ్లు మండి ఫోన్ చేశారు.

"అంత తెలిసినదానివి, నువ్వే వచ్చి నడుపమ్మా."

అవతలి నుంచి ఆమె, "నిజంగానే అంటున్నారా?" అని అడిగింది.

ఆయన మాటవరసకు అన్నారు. ఆమె మాట పట్టుకుంది. నెల తిరక్కుండా ఉన్న ఉద్యోగం వదులుకుని, దాచుకున్న డబ్బు పెట్టి సగం వాటాదారుగా వచ్చి కూర్చుంది. కూర్చుంది అన్నాను గానీ, ఆమె కూర్చుని ఉండగా చూసినవాళ్లు మాలో తక్కువ.

అప్పటికి ఫ్యాక్టరీ కొన ఊపిరితో ఉంది. నూట నలభై మందిమి అరవై మందిమయ్యాం. తిరిగొచ్చిన పంపులతో వెనక షెడ్డు నిండి తలుపు పడేది కాదు. ఆఫీసు గది చూపిస్తానంటే వద్దని, ఆ షెడ్డు తాళంచెవి అడిగింది. మూడు వారాల పాటు ఒక్కో పంపే విప్పుతూ పోయింది. కొత్తమ్మ పోస్టుమార్టాలు చేస్తోందని చాటుగా నవ్వుకున్నాం.

ఆమె భర్త బడిలో లెక్కల మాస్టారు. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. "ఇంట్లో కూడా ఇదే గోల అన్నయ్యా. భోజనాల బల్ల నిండా మీ రబ్బరు సీళ్లే. మా అమ్మ కూరగిన్నె ఒళ్లో పెట్టుకుని వడ్డిస్తోంది" అన్నాడొకసారి.

నాలుగో వారం అందరినీ పిలిచింది. పంపులో తిరిగే ఇనుప కడ్డీని షాఫ్ట్ అంటాం. తిరిగొచ్చిన పంపుల్లో చాలావాటికి ఆ షాఫ్ట్ ఒక కొసన వెంట్రుకలో నాలుగో వంతు ఎక్కువ లావుగా ఉందట. దాంతో నీళ్లను ఆపే రబ్బరు సీలు అరిగి, నీళ్లు మోటారులోకి దిగి, మోటారు కాలిపోతోంది. మేం షాఫ్ట్ నడుమ మాత్రమే కొలిచేవాళ్లం కాబట్టి ఎవరికీ దొరకలేదు.

అందరి చూపూ గ్రైండింగ్ బాబాయి మీదికి పోయింది. షాఫ్టులు నున్నగా అరగదీసేది ఆయనే. పాతికేళ్ల చెయ్యి. ఆయన ఇక పని మానేస్తానన్నట్టు ఏప్రాన్ విప్పబోయాడు.

"ఉండండి బాబాయ్. రేపొక్క రోజు మీ పక్కన నిలబడతాను" అంది.

నిలబడింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా. ప్రతి షాఫ్టునూ మూడు చోట్ల కొలిచి, పక్కన టైము రాసుకుంది. మధ్యాహ్నం దాకా ఒక్కటీ తప్పు పోలేదు. మూడు దాటాక వచ్చిన ప్రతిదీ ఒక కొసన లావే. అదే మనిషి, అదే మిషన్, అదే ఇనుము.

ఆమె కొలవడం ఆపి మిషన్ అడుగు దిమ్మెకు అటూ ఇటూ అరచేతులు ఆనించింది. అలాగే ఉండిపోయింది. తర్వాత బాబాయి చేతులు పట్టుకుని అక్కడే పెట్టించింది. ఒక పక్క చల్లగా ఉంది, ఇంకో పక్క వెచ్చగా ఉంది. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా దాని మీదే పడుతోంది.

"తప్పు మీది కాదు, ఎండది. వేడికి ఈ దిమ్మె రవ్వంత వంగుతోంది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈ కిటికీకి ఎదురుగా ఇదివరకు ఏమైనా ఉండేదా?" అని అడిగింది.

చెప్పాను. పెద్ద గోదాము ఉండేది. ఆరేళ్ల కిందట కూల్చేశారు. పంపులు తిరిగి రావడం మొదలైందీ అప్పుడే. ఆరేళ్లు ఆ ఎండ మా అందరి కళ్ల ముందే పడింది. బాబాయి స్టూలు మీద కూలబడి, కళ్లద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కిటికీకి ఇటుకలు పేర్చడానికి ఒక్క పూట పట్టింది. అంతటితో ఊరుకుంటుందనుకున్నాం. "మనం అమ్మిన పంపులు ఇంకా బయట తిరుగుతున్నాయి కదా" అంది. కొన్నవాళ్లందరికీ తప్పు మాదేనని రాయించింది. పెద్దాయన, "చేతులారా పరువు తీసుకుంటామా?" అన్నారు.

"పరువు ఎప్పుడో పోయింది పెద్దాయనా. పోయిందని ఒప్పుకుంటే, వెతుక్కోవడానికైనా వీలుంటుంది."

బాబాయిని వెంటబెట్టుకుని వ్యాన్‌లో తిరిగి, ఏడు నెలల్లో ఎనిమిది వందల పైచిలుకు షాఫ్టులు దగ్గరుండి మార్పించింది. మొదట మొహం మీదే తలుపేసినవాళ్లు ఉన్నారు. ఒక రైతు మాత్రం పంపు మళ్లీ నడిచాక, ఇన్నేళ్లలో తప్పు తమదేనని ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాళ్లను చూడలేదన్నాడట. ఈ మాట బాబాయి మాకు పదిసార్లు చెప్పాడు. ఆ తర్వాత నీళ్ల తొట్టిలో ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే గానీ ఏ పంపూ గేటు దాటలేదు. మూడేళ్లకు రెండో షిఫ్టు తెరిచాం. పదేళ్లకు మేం నాలుగు వందల మందిమి.

వరద వచ్చిన ఏడాది సంగతి చెప్పి ముగిస్తాను. పెద్దాసుపత్రి నేలమాళిగలో నడుములోతు నీళ్లు నిలిచాయి. కరెంటు గది అక్కడే ఉంది. పైన రోగులున్నారు. ఆమె పన్నెండు పంపులూ ఒక జనరేటరూ లారీకెక్కించి, తనే ముందు కూర్చుని బయల్దేరింది. నేనూ వెళ్లాను. పదకొండు రోజులు నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. పదకొండు రోజులూ పన్నెండు పంపులూ నడుస్తూనే ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు.

ఆఖరి రోజు నేలమాళిగ గచ్చు బయటపడింది. నర్సులు మెట్ల మీదికొచ్చి చూస్తున్నారు. ఆమె బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పంపు మీదా చెయ్యి వేసి చూస్తోంది, జ్వరం పడ్డ పిల్లల ఒళ్లు చూసినట్టు. పన్నెండూ చూశాక లేచి, నన్ను మంచినీళ్లు అడిగింది. గ్లాసు అందిస్తే, మెట్టు మీద కూర్చుని తాగింది.