మళ్లీ డిస్పాచ్ బల్ల దగ్గరికి

నేను రెండేళ్లు ఖాళీగా ఉన్నానన్న మేనేజరు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆయన ఉన్నాడో పోయాడో తెలియదు. ఉంటే, ఇది ఆయనకే రాస్తున్నాననుకోవచ్చు.

డెబ్బైల మొదట్లో సంగతి. మోటారు సామాన్లు తయారుచేసే ఒక కంపెనీలో, సరుకు బయటికి పంపే డిస్పాచ్ సెక్షన్‌లో గుమాస్తాగా ఉండేవాణ్ణి. బడి మొహం చూసింది ఐదో తరగతి దాకే. ఇంగ్లీషు మాత్రం దుకాణాల బోర్డులూ పాత పేపర్లూ చూసి సొంతంగా కూడబలుక్కున్నాను. ప్యూనుగా చేరినవాణ్ణి ఆ బల్ల దాకా రావడం మాటలు కాదు. అటువంటి బల్లను ఒక్క పూటలో వదిలేసి వచ్చాను. నా భార్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఇంట్లో మూడేళ్ల పాప. ఇంకొన్నాళ్లు సెలవు కావాలంటే కంపెనీ కుదరదంది.

గౌలిపురలో మా ఇంటి ఎదురుగా బర్రెల కొట్టం ఉండేది. తెల్లవారుతుండగా తపేలాలో పాలధార పడే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. ఇప్పుడక్కడ మూడంతస్తుల మేడ లేచింది. ఆ గడ్డి వాసన ఎటు పోయిందో గానీ, ఆ సందులోకి వెళ్తే నా ముక్కు ఇంకా దానికోసం వెతుకుతుంది.

చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకరు పావురం రక్తం రాయమన్నారు, ఇంకొకరు ఆమెను పుట్టింటికి పంపి నన్ను ఉద్యోగం చూసుకోమన్నారు. నేను రెండూ వినలేదు. వండటం, తోమటం, ఆమెకు స్నానం చేయించి జడ వేయడం, అన్నీ నేర్చుకున్నాను. మొదటిరోజు బిందె పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్తే ఆడవాళ్లంతా మాటలాపేసి చూశారు. ఎదురింటి పాలామె మాత్రం ఆగలేదు.

"ఏం తమ్మీ, చుడీబజారుకు పోతున్న, నీక్కూడ గాజులు తేవాల్నా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ పప్పు మెత్తగా ఉడక్కముందే చింతపండు పులుసు పోయకూడదని చెప్పింది కూడా ఆ నోరే. అప్పటిదాకా మా ఇంట్లో పప్పుచారు పలుకులు పలుకులుగానే దిగేది.

జరుగుబాటుకు పాత పేపర్లతో కవర్లు అంటించి కిరాణా దుకాణాలకు ఇచ్చేవాణ్ణి. మధ్యాహ్నం పాప పడుకున్నాక గడపలో కూర్చుని, అంటించే ముందు ప్రతి కాగితం పైకి చదివేవాణ్ణి. ఆమె మంచం మీద నుంచి వినేది. ఏ హత్య వార్తో మంచి పట్టులో ఉండగా కాగితం అయిపోయేది. మిగతాది మరో పేజీలో. ఆ పేజీ ఎక్కడుందో ఎవరికి తెలుసు! తర్వాత ఏమై ఉంటుందో ఆమె మెల్లగా, మాట తడబడుతూ కల్పించి చెప్పేది. చంపింది ఎప్పుడూ ఇంటల్లుడే. ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు ఎవరైనా తెచ్చిస్తే ఏం అడిగినా ఇస్తాను.

రెండేళ్లు గడిచాయి. ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. ఒక ఆదివారం మా సెక్షన్‌లో పక్క బల్ల భాయ్ యాకుత్‌పురా నుంచి సైకిలు మీద వచ్చి, సెక్షన్‌లో ఒక చోటు ఉందని చెప్పాడు. ఊరికే చెప్పలేదు, ఒక సలహా కూడా తెచ్చాడు.

"కార్వాన్ల మీ చుట్టాల దుకాణం చూసుకున్న అని చెప్పు మియా. ఇంట్ల వంట చేసిన అంటే ఎవడు తీసుకుంటడు?"

నేను సరేననబోతున్నాను. లోపల్నుంచి ఆమె గొంతు వచ్చింది.

"అంటే నేను దుకాణమా?"

భాయ్ తల దించుకుని చాయ్ తాగాడు.

మరునాడు మేనేజరు ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. భార్యకు బాగాలేదు, వండాను, నీళ్లు మోశాను, పాపను పెంచాను అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే రెండేళ్లు ఖాళీగా ఉన్నావన్నమాట" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆ రెండేళ్లలో నా నడుము వాలింది రాత్రిపూటే. కూర్చున్నదంటే ఆ గడపలోనే, అదీ చేతిలో పనితోనే. అదంతా ఆయనకు ఖాళీ! చివరికి, కావాలంటే టెంపరరీగా, కొత్తవాడి లెక్కన చేరవచ్చన్నాడు. పైగా ఒకప్పుడు నేను పని నేర్పిన కుర్రవాడి కింద. రెండు రోజుల్లో చెప్పమన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విసిరాను. నేను నేర్పిన పోరని కింద నేను చెయ్యాల్నా, చెయ్యనంటే చెయ్యనని అరిచాను. కవర్లు అంటించుకునైనా బతుకుతానన్నాను. ఆమె నన్ను అలిసిపోయేదాకా అరవనిచ్చింది.

"నీ కోపం నీకున్నది. మరి నా పొయ్యి సంగతేంది?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు ఇంట్లున్నన్ని దినాలు నన్ను లేవనియ్యవు. గంటె పట్టుకుంటే గుంజుకుంటవు. నాకు ఎడమ చెయ్యి లేదా? నువ్వు నౌకరికి పోతేనే నేను లేస్త."

రెండేళ్లుగా ఆమెకు సేవ చేస్తున్నాననే అనుకున్నాను. ఆ రాత్రంతా ఆ కుర్రవాణ్ణి సార్ అనాలా వద్దా అని ఆలోచించాను. తెల్లవారాక, పనిలో చేరతానని భాయ్ చేత మేనేజరుకు కబురు పంపాను. పగటిపూట ఇంటిమీద ఒక కన్ను వేసి ఉంచమని పాలామెకు చెప్పాను.

చేరిన రోజు పొద్దున నా భార్య నన్ను వంట దగ్గరికి రానివ్వలేదు. స్టవ్వు ముందు పీట వేసుకుని కూర్చుంది. నేను బయట నిలబడి గిన్నెల చప్పుడు వింటూ, లోపలికి వెళ్లకుండా ఉండటానికి సైకిలు తుడిచిందే తుడిచాను.

ఆఫీసులో కుర్రవాడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేనే కూర్చోమన్నాను. మధ్యాహ్నం అందరూ ఎప్పటిలాగే డబ్బాలు నడుమ పెట్టారు. ఎవరి కూరైనా అందరిదీ, అదే అక్కడి పద్ధతి. నా డబ్బా మూత తీశాను. అన్నం కొంత ముద్దయింది, కొంత అడుగంటింది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు ఒక్కోటి వేలెడంత ఉన్నాయి, ఎడమచేత్తో కోసినవి. భాయ్ అలవాటుగా చెయ్యి చాపాడు. నేను డబ్బా దగ్గరికి లాక్కున్నాను.

"ఇయ్యాల ఎవ్వరికి పెట్ట, భాయ్."

ఎవరేమనుకున్నా సరేనని, నలుగురి మధ్యా కూర్చుని అడుగంటిన అన్నంతో సహా మొత్తం నేనే తిన్నాను.