ప్లాస్టిక్ గడ్డి మీద కళ్ళాపి

మీ చిన్నమామ్మ మీద నాకు అసూయ అంటే మీరు నవ్వుతారు. ఆవిడ నా తోడికోడలు, పక్క వాకిలే. ఇన్నేళ్ళలో మేమిద్దరం గట్టిగా ఒక మాట అనుకున్నది లేదు. కానీ వాళ్ళ వాకిట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిపించుకుంది చూడండి, అప్పట్నుంచి నాకు కడుపులో మంటే.

మస్కట్ నుంచి మీరు వీడియో కాల్ చేసినప్పుడు ఆవిడ ఫోను తిప్పి తిప్పి ఆ గడ్డి చూపించింది. "చిన్నమామ్మా, డిసెంబరు సెలవులకి వచ్చి అక్కడే బంతి ఆడతాం" అన్నారు ఇద్దరూ. నేను పక్కనే ఉన్నాను. మీరు దిగేది నా ఇంట్లో, ఆడేది వాళ్ళ వాకిట్లోనా?

మర్నాడే రాజోలు నుంచి గడ్డి పరిచే అతన్ని పిలిపించాను. అతను వాకిట్లో మడమతో నొక్కి చూశాడు.

"ఇది బంకమన్నండి. పైగా పనసచెట్టు నీడ. ముందు మన్ను తీసి కంకర చిప్స్ పోయించాలండి."

"అదంతా ఎప్పటికవుద్ది బాబూ! ఆదివారం పిల్లలు ఫోన్ చేస్తారు. ఈలోగా పరిచెయ్."

"ఆయ్, మీ ఇష్టమండి. అడుగున చిల్లులుంటాయి. వాటిల్లోంచి నీళ్ళు కిందకి దిగడానికి దారుండాలి మరి."

పరిచి, మధ్యలో అతుకు వేసి వెళ్ళాడు. ఆ సాయంత్రం గడప మీద కూర్చుని, పక్కకి చూడకూడదనుకుంటూనే చూశాను. నా గడ్డే పెద్దది. అన్నం ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

తరవాత వానలు పట్టుకున్నాయి. వాళ్ళ వాకిట్లో చెట్టు లేదు, కాస్త ఎండ కాస్తే చాలు ఆరిపోయేది. నాది ఆరలేదు. అడుగు వేస్తే చిత్తడి, పైన పాకుడు. అతుకు లేచిపోయింది. వాసన వంటింటి దాకా వచ్చేది. మీరు ఫోన్ చేస్తే కెమెరా నా మొహం దాటి పోనిచ్చేదాన్ని కాదు.

అలాంటి ఒక పొద్దున మీ చిన్నమామ్మ గోడ మీంచి చూసి కేకేసింది.

"అక్కయ్యగారూ! గడ్డి మీద పేడనీళ్ళు చల్లుతున్నారేంటండీ?"

"వాకిలన్నాక కళ్ళాపి చల్లరేంటే?"

"అది ప్లాస్టిక్కండీ బాబూ! పేడేసి పెంచుదామనా?"

నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. గడప ముందు కళ్ళాపి పడకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు. గడ్డి పరిచిన రోజు నుంచీ అలవాటు చొప్పున చల్లుతూనే ఉన్నాను.

నవ్వడం అయ్యాక ఆవిడే వచ్చి చెంగు దోపుకుని గడ్డి అంచు ఎత్తింది. అడుగు చిల్లుల్లో పేడా, కింద నుంచి ఎగదన్నిన బంకమన్నూ కలిసి గట్టిగా మెత్తినట్టున్నాయి. చుక్క నీరు దిగే సందు లేదు.

వానలు వెనకపట్టు పట్టాక పని మొదలెట్టాం. గడ్డి చుట్టచుట్టి తీసి, డాబా మీద పరిచి, సబ్బునీళ్ళతో చిల్లులన్నీ తెరుచుకునేదాకా చీపురుతో తోమాం. కూలివాళ్ళు జానెడు లోతు మన్ను తీసి చిప్స్ పోశారు, దానిమీద రాతిపొడి పరిచి, నీరు కొబ్బరిచెట్ల వైపు జారేలా వాలు పెట్టారు. ఎండ పడేలా పనసకొమ్మ ఒకటి కొట్టించాను. తడి మీద జిగురు పట్టదని, నేల బాగా ఆరాకే అతుక్కి అడుగున పట్టీ వేసి అంటించి, రుబ్బురోలు పొత్రం, ఇటుకలూ బరువు పెట్టాం.

గడప ముందున్న గడ్డి బారు మాత్రం ఎంత తోమినా పేడ మరక వదలలేదు. కోసి పారేయాల్సి వచ్చింది.

"మా ఇంట్లో మిగిలిన ముక్క ఉందండి, తెస్తానుండండి" అంది ఆవిడ.

ఆవిడ మిగులు ముక్క నా గడప ముందా? "వద్దులే అమ్మా, మట్టే ఉండనీ" అన్నాను.

మర్నాడు ఆ మట్టి బారు మీద హాయిగా కళ్ళాపి చల్లుకున్నాను. చూస్తే ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. వాళ్ళ గడ్డి గడప దాకా పరిచారు. ముగ్గు పెట్టడానికి చోటే లేదు.

"అక్కయ్యగారూ, ఓసారి ముగ్గుడబ్బా ఇలా ఇవ్వండి. చేతులు దురద పెడుతున్నాయి."

ఇచ్చాను. ఆవిడ చెయ్యి ఆడుతుంటే ముగ్గు దానంతటదే జారినట్టుంటుంది. ఒక్క గీత వణకలేదు. గడ్డి సంగతి మర్చిపోయి ఆ చేతిని చూసి కుళ్ళుకున్నాను. ఆనాటి నుంచి రోజూ వచ్చి వేసేది.

మీరు వచ్చిన పొద్దున బంతి పట్టుకుని నా వాకిట్లోకే పరుగెత్తారు. నా గుండె నిండిపోయింది. ముగ్గు దగ్గర ఇద్దరూ టక్కున ఆగారు.

"మామ్మా, ఎంత బాగుందో! నువ్వే వేశావా?"

నేను నోరు విప్పేలోపు చిన్నమామ్మ నా వైపు చూసి, "మామ్మ వాకిలమ్మా, మామ్మ ముగ్గే" అంది.

ఆ మాటతో నన్ను మరీ ఓడించేసింది. మర్నాడు ఆవిడ రాకముందే లేచి ముగ్గు నేనే వేశాను. మీలో చిన్నది కళ్ళు నులుముకుంటూ గడపలోకి వచ్చి, నా వంకర గీతల వైపు చూసింది.

"ఇవాళ చిన్నమామ్మ రాలేదా మామ్మా?"