పైన మెత్తది, కింద గట్టిది

మొన్న సూర్యాపేటలో ఒక పరుపుల దుకాణంలో అమ్మేవాడు పరుపు మీద అరచెయ్యి ఆనించి, "మస్తు మెత్తగుంటది సార్, పడుకుంటే మునిగిపోతరు" అనేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పాపం, అతని తప్పేమీ లేదు. తప్పు చేసినవాడు ఆ పరుపుకు ఇవతల నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను డిగ్రీ, చెల్లె ఇంటర్ చదివే రోజుల్లో పెన్‌పహాడ్ వైపు మా ఊళ్లో, గొర్లదొడ్డి వెనక, రెండు నిలువుల రాతిగుండు ఒకటి ఉండేది. ఫోన్లు కొత్తగా చేతికొచ్చి మన ఈడువాళ్లందరం ఏదో ఒక పిచ్చిలో పడ్డ కాలమది. మా చెల్లెకు తాడు లేకుండా గుండ్లెక్కే పిచ్చి పట్టింది. పడితే దెబ్బ తగలకుండా కింద పరుపు పరిస్తేనే ఎక్కనిస్తానని నాన్న షరతు పెట్టాడు. ఎక్కడం దాని పని, పరుపు నా పని. మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మేనమామ పాత టార్పాలిన్ ఇచ్చాడు. కోదాడలో బస్సు సీట్లు కుట్టే ఒక పెద్దాయన గట్టి ఫోం ఒక పలక, మెత్తది రెండు పలకలు కోసిచ్చి, ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "గట్టిది పైన వెయ్యి బాబూ. మెత్తది పైనుంటే పాదం దిగిపోద్ది, కాలు మడతపడుద్ది."

ఇంటికొచ్చాక ఆ మాట ఎవరికెక్కింది! పెళ్లిపరుపు చూసినట్టు ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి అరచేత్తో నొక్కారు. "పడేటోళ్లకు గట్టిది పరుస్తార్రా ఎవరన్న? మెత్తది మీదికెయ్యి" అంది నానమ్మ. నానమ్మ జన్మలో గుండెక్కలేదు, నేనూ ఎక్కలేదు, అందుకే మా ఇద్దరికీ వెంటనే మాట కుదిరింది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో మూడు రోజులు కూర్చుని, మెత్తది పైకి వచ్చేలా కుట్టేశాను.

మొదటి రోజే చెల్లె నా నెత్తి ఎత్తు దాకా పోయి, చెయ్యి జారి నిటారుగా కిందికొచ్చింది. పాదం ఫోంలో మునిగింది, ఒళ్లు పక్కకు తిరిగింది. దవాఖానలో పిండికట్టు వేశారు.

నాన్న కోపమంతా దాని మీదే. "ఇగ బండల దిక్కు పోయినవంటే కాళ్లిరగ్గొడ్త!" ఒకటి అప్పటికే విరిగే ఉందని ఆయనకు ఎవరూ గుర్తుచెయ్యలేదు. పరుపు కుట్టినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు సరికదా, పరేషానైనాడని చాయ్ ఇచ్చారు. అప్పుడైనా కోదాడ పెద్దాయన చెప్పింది బయటపెట్టవచ్చు. నేను తీరిగ్గా చాయ్ తాగి, "పరుపు మంచిగనే ఉంది, దీనికి పడుడే రాలే" అన్నాను. అందరూ నవ్వారు. కట్టు కాలుతో చెల్లె కూడా నవ్వింది. ఆ నవ్వుతో నా తప్పు ఖతం, దాని ఎక్కుడు ఖతం. నా జన్మలో అంత బాగా పేలిన జోకు ఇంకొకటి లేదు, తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపమీద కొట్టుకోవాలనిపిస్తుంది.

కట్టు విప్పేలోగా కుట్లన్నీ ఊడదీసి గట్టిది పైకి మార్చాను. నాన్న మాట మారలేదు, నా నోరు లేవలేదు. ఆ పరుపు మీద కొన్నేళ్లు మా కుక్క పడుకుంది. దానికి ఏ దెబ్బా తగల్లేదు.

ఇప్పుడు పట్నంలో ఆడపిల్లలు గోడలెక్కుతుంటే కన్నవాళ్లే కింద నిలబడి వీడియోలు తీస్తున్నారు. అవి ఫోన్లో చూసీ చూసీ మా నాన్న కూడా మారాడు. చెల్లె మాడుగులపల్లిలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. పోయిన నెల ఇంటికొస్తే, ఆయనే గుండు దగ్గరికి తీసుకుపోయి, "ఎక్కు బిడ్డా, ఫొటో తీస్త" అన్నాడు. చెల్లె గుండును పైదాకా ఒకసారి చూసింది, ఎక్కడ వేళ్లు పెట్టాలో అక్కడ అరచెయ్యి ఆనించింది, ఆనించి, కిందనే నిలబడి ఫొటో దిగింది.