బొట్టు చోట మచ్చ

జమ్మలమడుగు బస్టాండులో రెండు మూర్ల మల్లెపూలు కొనుక్కుని ప్రొద్దుటూరు బస్సెక్కినా. ముందు సీటులో ఉన్న ఇద్దరు ఆడోళ్లకు జానెడు జానెడు తుంచి ఇచ్చినా. నా పక్కన కూర్చున్నామెకు మాత్రం ఇవ్వలేదు. ఆమె నొసట బొట్టు లేదు. బొట్టుండే చోట గుండ్రంగా నల్లటి మచ్చ ఉంది. మొగుడు పోయి ఎక్కువ రోజులు కాలేదేమో అనుకుని, మిగిలిన పూలు సంచిలోకి తోసేసినా.

ఆమె అదంతా చూసింది.

"స్టిక్కర్ల జిగురు నాకు పడలేదక్కా," అంది. "దద్దు లేసి ఒకటే దురద. అది కనపడకూడదని దాని మీదనే ఇంకా పెద్ద స్టిక్కరు అంటిచ్చుకుంటి. తోలు ఊడి రసి కారింది. స్టిక్కర్లు మానేయమని, గోకొద్దని చెప్పి డాక్టరమ్మ ట్యూబు రాసిచ్చింది. కుంకుమ గూడా ఇప్పుడే వద్దనింది. దురద పోయింది గానీ, మచ్చ పోయేదానికి శానా నెలలు పడతాదంట."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అయ్యో, నేనింకేమో అనుకుంటిని! మీ ఆయన బాగుండాడా?" అంటూ సంచిలోని పూలన్నీ తీసి ఆమె చేతిలో పెట్టినా.

"బాగుండాడు," అంది. పూల వైపు కాసేపు చూసి మెల్లిగా అడిగింది. "లేకుంటే ఇచ్చేదానివి కాదా అక్కా?"



ఆ పొద్దు నుంచి బస్సులో పూలు తుంచితే అందరికీ ఇస్తా. కానీ నా కళ్లు మాత్రం ఇంకా ముందు నొసళ్ల మీదికే పోతాయి.