రోజుకో జబ్బు మేడమ్

మా మేడమ్‌కి రోజుకో జబ్బు. సోమవారం ఆయాసం, మంగళవారం పచ్చకామెర్లు. బుధవారం కాలు విరిగేది. గురువారానికి ఆ కాలు సుబ్బరంగా అతుక్కునేది కానీ, ఈసారి షుగరు నాలుగొందలు దాటేది. "షుగరా? నాకా? మా వంశంలోనే లేదు!" అని మంచం మీదనుంచి మామీద కయ్యానికి దిగేవారు. నర్సింగ్ కాలేజీలో మాకు పాఠం చెప్పవలసిన మనిషి కుర్చీలో కూర్చుని పాఠం చెప్పగా నేను ఒక్కపూట కూడా చూడలేదు. మంచమెక్కి మూలిగేవారు. ఆ మూలుగే మాకు పాఠం.

ప్రాక్టికల్ గదిలో రెండు ఇనప మంచాలుండేవి. ఒకదాని మీద ప్లాస్టిక్ బొమ్మ, రెండోదాని మీద మేడమ్. మొదటిరోజే ఒక అమ్మాయి బొమ్మని చూపించి, "దీనిమీద నేర్చుకుంటాం కదా మేడమ్, మీరెందుకు శ్రమపడటం?" అని అడిగింది.

"ఆ బొమ్మ మహా మర్యాదస్తురాలు తల్లీ! ఎక్కడ పొడిచినా కిక్కురుమనదు. రేపు వార్డులో మీకు తగిలే జనం అంత మంచివాళ్ళు కారు" అని, వెంటనే పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయారు.

జబ్బేమిటో ఆవిడ చెప్పరు. మేమే అడిగి రాబట్టాలి. అదేమన్నా తేలికా? అచ్చం పేషెంట్లు చెప్పినట్టే చెప్పేవారు.

"నొప్పి ఎప్పట్నుంచమ్మా?"

"మా చిన్నాడి పెళ్ళప్పట్నుంచి."

"మీ చిన్నబ్బాయి పెళ్ళి ఎప్పుడైంది?"

"ఎందుకూ, పిల్లనిస్తావా?"

ముప్ఫైమందీ పగలబడి నవ్వేవాళ్ళం. ఆ నవ్వులో మునిగిపోయి, రెండు రోజుల నుంచీ విరోచనం కాలేదన్న అసలు సంగతి అడగడం మరిచిపోతే, సాయంత్రం నాలుగింటికి మేడమ్ టపీమని చచ్చిపోయేవారు. కళ్ళు మూసుకుని, "చంపేశారు కదమ్మా! రేపు మళ్ళీ వస్తాను, ఈసారైనా బతికించండి" అనేవారు. పక్క గదిలో ఇంకో సారు పుస్తకం చూసి చదువుతూంటే పిల్లలు హాయిగా కునుకు తీసేవారు. మా గదిలో కునుకు తీస్తే ప్రాణం పోతుంది మరి!

ఒకసారి పైనుంచి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చాడు. తలుపు తీసేసరికి టీచరుగారు మంచం మీద గిలగిల్లాడుతున్నారు, చుట్టూ ముప్ఫైమంది అమ్మాయిలు. ఆయనకి ముచ్చెమటలు పట్టాయి. "డాక్టర్ని పిలవండి! చూస్తూ నిలబడ్డారేంటి!" అని కేకలు పెట్టాడు. మేడమ్ ఒక కన్ను తెరిచి, నీరసంగా, "విజిటర్లు నాలుగ్గంటల తరవాత రావాలి బాబూ" అన్నారు. మా ప్రిన్సిపాల్‌గారు ఆయన్ని బుజ్జగించి తీసుకెళ్ళడానికి రెండు కప్పుల కాఫీ పట్టింది.

మేడమ్ భర్త టైలరు. మా యూనిఫారాలు కుట్టేది ఆయనే. కొలతలు తీసుకుంటూ మొరపెట్టుకునేవాడు. "ఇంట్లో కూడా ప్రాక్టీసేనమ్మా. పప్పు తిరగమోత పెడుతూ మూలుగుతుంది. ఏది నిజం నొప్పో, ఏది రేపటి పాఠమో నాకు తెలిసి చావదు!"

మాకు మాత్రం తెలిసిందా? ఒకరోజు మేడమ్ కాలేజీ మెట్ల మీద జారి నిజంగానే చీలమండ బెణికించుకున్నారు. "అబ్బా!" అని కూలబడగానే మేమంతా చప్పట్లు కొట్టాం. "నిజంగానే నొప్పే తల్లుల్లారా!" అన్నారు. "ఇవాళ అదరగొట్టారు మేడమ్!" అన్నాం. కాలు బుడగలా వాచేదాకా ఎవరూ నమ్మలేదు. అప్పుడు పరుగున స్ట్రెచర్ తెచ్చాం. ఆ నొప్పిలో కూడా ఆవిడ ఊరుకోలేదు. "కాళ్ళు ముందుకి! తలవైపు ఉన్నమ్మాయ్, నా మొహం చూడు, గోడలు కాదు! ఇద్దరికి సున్నా" అని మార్కులు వేస్తూనే వెళ్ళారు.

ఇక నా సంగతి. నా పేరు కాలేజీలో ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ నేను వణుకమ్మని. సూది పట్టుకుంటే చాలు, నా చెయ్యి చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మూడో ఏడాది ప్రాక్టికల్స్‌లో ఆ వణుకుతోనే తప్పాను. రెండోసారి కూడా తప్పితే చదువు అంతటితో సరి, పెట్టె సర్దుకోవాల్సిందే. పరీక్ష ఇంకా రెండు వారాలుందనగా వార్డులో ఒక ముసలమ్మకి రక్తం తీయమన్నారు. ఆవిడ నరాలు సన్నగా దారాల్లా ఉన్నాయి. మూడుసార్లు పొడిచాను, మూడుసార్లూ దొరకలేదు. ఆవిడ వార్డు దద్దరిల్లేలా అరిచింది. "ఈ పిల్లని నా ఛాయలకి రానిచ్చారంటే ఊరుకోను! గోనెసంచి కుడుతున్నావటే?" అంది. నేను హాస్టలుకి పోయి దుప్పటి ముసుగేసి ఏడ్చాను. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు ప్రాక్టికల్ గదిలోకి వెళ్ళేసరికి మేడమ్ దుప్పటి కప్పుకుని ముసలమ్మ అయిపోయి ఉన్నారు. తన చెయ్యి లోపల దాచుకుని, దుప్పట్లోంచి రబ్బరు చెయ్యి ఒకటి బయటికి పెట్టారు. దాని లోపల ఎర్రరంగు నీళ్ళ గొట్టాలుంటాయి. నేను సూది పట్టుకోగానే మొదలెట్టారు.

"ఈ పిల్లని నా ఛాయలకి రానివ్వకండి! గోనెసంచి కుడుతున్నావటే?"

అవే మాటలు! అదే గొంతు! క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవత్తో చాడీ చెప్పింది, ఈవిడ నన్ను నలుగురిలో వేళాకోళం చేస్తోంది అనుకున్నాను. విసురుగా సూది గుచ్చాను, గొట్టం తగల్లేదు. రబ్బరు చేతికి గుచ్చితే మేడమ్ "చచ్చాన్రోయ్!" అని పైకప్పు ఎగిరేలా అరిచారు.

మర్నాడు మళ్ళీ అదే ముసలమ్మ. ఆ మర్నాడూ ఆవిడే. రోజుకో జబ్బు మేడమ్‌కి తొమ్మిది రోజులు ఒకే జబ్బు! "కొత్త జబ్బు ఎప్పుడు మేడమ్?" అని మా వాళ్ళు విసుక్కున్నారు. "ముసలిదాన్ని కదమ్మా, త్వరగా తగ్గదు" అన్నారావిడ. రోజూ నా వంతు వచ్చేది, రోజూ కొత్త తిట్లు పడేవి. తొమ్మిదో రోజుకి నాకు భయపడే ఓపిక కూడా అయిపోయింది. సూది ట్రేలో పెట్టేసి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"అమ్మమ్మా, నా చెయ్యి వణుకుతున్న మాట నిజమే. మీకూ భయంగానే ఉంది కదా? ఇద్దరం ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుందాం. ఒక్కసారే ప్రయత్నిస్తాను, దొరక్కపోతే పెద్ద సిస్టర్ని పిలుస్తాను."

ముసలమ్మ తిట్టడం ఆపింది. ఊపిరి పీల్చింది. నేనూ పీల్చాను. ఈసారి ఎర్రనీళ్ళు సిరంజిలోకి చక్కగా వచ్చాయి. మేడమ్ ఒక్క మాట మెచ్చుకోలేదు. "తరవాతమ్మాయ్ రా" అన్నారంతే.

పరీక్షరోజు నా వాటాకి ఒక లారీ మెకానిక్ వచ్చాడు. మనిషి కొండంత, సూదంటే ప్రాణభయం. నా చెయ్యి చూడగానే తన చెయ్యి లాగేసుకున్నాడు. "అయ్యబాబోయ్, ఈమె వణుకుతోందండీ! ఇంకెవర్నైనా పిలవండి!" అన్నాడు. పరీక్ష చేసే ఆవిడ కళ్ళజోడులోంచి నావైపు చూసింది. విచిత్రమేమిటంటే, నాకు కంగారు పుట్టలేదు. తొమ్మిది రోజులు తిట్లు తిన్నదాన్ని, ఇతనొక లెక్కా? స్టూలు లాక్కుని కూర్చుని, "నిజమే అన్నయ్యా, వణుకుతోంది. మీరూ వణుకుతున్నారు" అన్నాను. అతను నవ్వేశాడు. మొదటిసారికే నరం దొరికింది.

పాసయ్యానని తెలియగానే మేడమ్ కోసం వెతుక్కుంటూ ఆస్పత్రికి పరుగెత్తాను. వార్డు సిస్టర్ నన్ను చూసి, "మీ మేడమా? లోపలే ఉన్నారు. రోజూ సాయంత్రం వస్తారుగా" అంది.

"ఎందుకు?"

"ఇవాళ మా పిల్లల్లో ఎవరికి తిట్లు పడ్డాయి, ఎవరు తిట్టారు అని అడుగుతారు. తరవాత ఆ పేషెంటు దగ్గర చేరతారు. నిన్ను తిట్టిన ముసలమ్మ దగ్గరైతే గంటసేపు కూర్చున్నారు. 'నీకు తిట్టడం సరిగ్గా రావట్లేదే' అని ఆవిడ దగ్గరుండి నేర్పించింది కూడా!"

మూడేళ్ళుగా ఆవిడకి వచ్చిన ఆయాసాలు, కామెర్లు, విరిగిన కాళ్ళు వరసగా కళ్ళముందు తిరిగాయి. ఒక్కటీ ఆవిడది కాదు. ముందురోజు వార్డులో మాలో ఎవరినో ఒకరిని చిన్నబుచ్చిన పేషెంటు జబ్బే ప్రతిదీ. చాడీ అనుకుని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆవిడంటే ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

లోపల కిటికీ పక్క మంచం దగ్గర మేడమ్ స్టూలు మీద కూర్చుని ఒక బక్కచిక్కిన తాతగారి ఎదురుగా దగ్గుతున్నారు.

"ఇలాగేనా అండీ?"

"ఉహూఁ, అది గొంతు దగ్గమ్మా. అడుగునుంచి రావాలి."

"మేడమ్, పాసయ్యాను!" అన్నాను.

"తెలుసు. పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం" అన్నారు. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"ఈ దగ్గు ఎవరికోసం మేడమ్?"

మేడమ్ నావైపు కోపంగా చూశారు. "పేషెంటు పేరు బయటపెట్టకూడదని మొదటి ఏడాదే చెప్పానా, లేదా?" అని మళ్ళీ తాతగారివైపు తిరిగి, పొట్ట పట్టుకుని దగ్గారు.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది!" అన్నాడు తాతగారు.